కత్తికి తగిన గుడ్డ

మంగలి కత్తి పదునంటే అందరికీ సానరాయి గుర్తొస్తుంది, ఆ తర్వాత తోలుపట్టీ. మధ్యలో పనిచేసే గుడ్డపట్టీని పట్టించుకునేవాళ్లు తక్కువ. నాకు దానిమీదే గౌరవం. అంచుకు అంటిన తడినీ, సబ్బు జిడ్డునీ, కంటికి ఆనని తుప్పునీ తుడిచి కత్తిని తోలుకు అప్పగించేది అదే.

అన్నిటిలోకీ అవిసెనార గుడ్డ మేలు. పోగు గట్టిది, నున్ననిది. పాశ్చాత్య దేశాల పాతకాలపు క్షురకులు కొత్త నారపట్టీకి సబ్బు నురగ దట్టంగా రుద్ది, దానిమీద గాజుసీసా దొర్లించి, నేత సందులు పూడేదాకా నొక్కేవారు. ఎంత ఓపిక! అగ్నిమాపక దళం వాడి పక్కన పడేసిన నార గొట్టాలను కోసి పట్టీలు చేసుకున్నవాళ్లూ ఉన్నారు, అంత బిగువైన నేత మరి. నూలు కాన్వాసు చవక, బాగానే పనికొస్తుంది. జీన్సు గుడ్డయితే ఉతికి ఉతికి అరిగిన ముక్కే నయం. ఫెల్టు మెత్తన, కాస్త ఒత్తినా అంచు గుండ్రబడి మొద్దుబారుతుంది.

ఏ గుడ్డయినా బిగలాగి పట్టాలి. కత్తి వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి. చివర్లో తిప్పేటప్పుడు వీపుమీదే తిప్పాలి. పట్టీకి క్రోమియం ఆక్సైడు అనే పదునుపొడి పూసే అలవాటుంటే దానికి వేరే పట్టీ పెట్టుకోవాలి.