చార్మినార్ రూపాయికి వెల కట్టేదెలా?

స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్ళలో పాత ఇల్లు విప్పినప్పుడో, తాతల నాటి సందుగ తెరిచినప్పుడో నల్లబడ్డ వెండి రూపాయలు బయటపడడం ఇప్పటికీ ఉన్నదే. వాటికి ఒకవైపు చార్మినార్ బొమ్మ, మరోవైపు పారసీ రాత. ఒకప్పుడు వీటిని నేరుగా కంసాలి దగ్గరికి తీసుకెళ్ళేవారు. ఇప్పుడు ఫోన్లో ఫొటో తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడుతున్నారు. అక్కడ అదే నాణేనికి ఒకరు తూకం ధర చెబితే ఇంకొకరు లక్షలంటారు. అసలు వెల తేల్చడానికి సరాఫులు, నాణేల సేకర్తలు తరాలుగా పాటిస్తున్న పద్ధతులున్నాయి. అవి తెలిస్తే మన ఇంటి సొత్తు విషయంలో మోసపోం.

మొదట ఆ రూపాయి ఎక్కడిదో తెలియాలి. హైదరాబాద్ సంస్థానానికి హాలీ సిక్కా అనే సొంత నాణెం ఉండేది. బ్రిటిష్ ఇండియా రూపాయిని మనవాళ్ళు కల్దార్ అనేవారు. నిజాం రైలుమార్గం 1886లో వరంగల్‌కూ, 1889లో బెజవాడకూ చేరింది. ఘన్‌పూర్ మీదుగా సాగిన ఆ దారి హాలీ రాజ్యాన్ని కల్దార్ రాజ్యంతో కలిపింది. రెండు నాణేల మారకం తెలియనిదే అటూ ఇటూ బేరం సాగేది కాదు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. అంటే వంద కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. ఈ లెక్కకు ఆధారం వెండే. హాలీ రూపాయి బరువు దాదాపు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. కల్దార్ బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అసలు వెండి హాలీలో 9.14 గ్రాములు, కల్దార్‌లో 10.69 గ్రాములు. వీటి నిష్పత్తి కూడా దాదాపు ఆరుకు ఏడే!

వెల కట్టడంలో తొలి మెట్టు ఇదే. అమ్మే రోజు గ్రాము వెండి ధరను 9.14తో గుణిస్తే వచ్చేది హాలీ రూపాయికి కనీస విలువ. అంతకు తక్కువకు ఎవరడిగినా ఇవ్వనక్కర్లేదు. అయితే 1940ల చివర్లో వచ్చిన చిల్లర అణాలు నికెల్‌వి. వాటికి ఈ లెక్క పనికిరాదు.

నాణెం చదవాలి

పారసీ రాకపోయినా చార్మినార్ రూపాయిని చదవొచ్చు. చార్మినార్ నడిమి కమానులో ఒక అక్షరం ఉంటుంది. అది ‘మీమ్’ అయితే 1911 దాకా పాలించిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాటిది. ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. ఆయన తొలి నాణేల మీద ఈ అక్షరం కురచగా, తర్వాతివాటి మీద నిండుగా కనిపిస్తుంది. సేకర్తలు ఈ తేడాను పట్టించుకుంటారు.

బొమ్మవైపు 92 అనే అంకె కూడా ఉంటుంది. దాన్ని సంవత్సరమనుకునేవారు చాలామంది. నిజానికి అక్షరాలకు అంకెల విలువ కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ ప్రవక్త పేరుకు వచ్చే మొత్తమది. అన్ని ఏళ్ళ నాణేల మీదా ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి వెల పెరగదు, తరగదు.

అసలు సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన ఏడాది వస్తుంది. 1343 అని ఉంటే అది సుమారు 1925. పాలనా సంవత్సరం కూడా విడిగా ముద్రించి ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ హిజ్రీ 1329లో గద్దెనెక్కాడు కనుక, హిజ్రీ ఏడాదిలోంచి 1329 తీసేస్తే పాలనా సంవత్సరానికి ఒకటి అటూ ఇటూగా రావాలి. పొంతన కుదరకపోతే ఆ నాణేన్ని అనుమానించాలి.

చార్మినార్ బొమ్మతో యంత్రపు నాణేలు 1903 ప్రాంతంలో మొదలయ్యాయి. అంతకుముందువి ఎక్కువగా సుత్తిదెబ్బతో అచ్చు వేసినవి. మందంగా, వంకరగా ఉంటాయి; రాత సగం బిళ్ళ బయటికి పోయి ఉంటుంది. వాటి మీద సరాఫులు వెండిని పరీక్షించి కొట్టిన చిన్న గుర్తులు కనిపిస్తాయి. అవి ఆ నాణెం చేతులు మారిన చరిత్రకు సాక్ష్యం.

అరుగుదల, తోముడు, అతుకు

ఒకే ఏడాది నాణేల్లో ఒకదానికి మరోదానికన్నా ఎన్నో రెట్లు ధర పలకడానికి ప్రధాన కారణం దాని స్థితి. ఉబ్బెత్తుగా ఉన్న భాగాలే ముందు అరుగుతాయి. అందుకే మినార్ల కొసలు, కమానులోని అక్షరం, అంచు మీది గీతలు భూతద్దంతో చూడాలి. ఇవి పదునుగా ఉంటే ఆ రూపాయి చేతుల్లో పెద్దగా తిరగలేదన్నమాట.

మన ఇళ్ళలో నాణేనికి జరిగే పెద్ద నష్టం తోమడం. దీపావళికి లక్ష్మీపూజలో పెట్టే ముందు చింతపండుతోనో బూడిదతోనో తళతళలాడేలా తోముతారు. భక్తి గొప్పదే కానీ, వెండి మీద ఏళ్ళ తరబడి పట్టిన నల్లని పొర పోయి సన్నని గీతలు పడతాయి. ఆ పొర నాణేన్ని తోమలేదనడానికి రుజువు. సేకర్త దానికే ఎక్కువిస్తాడు.

రెండోది అతుకు. రూపాయలకు కొక్కేలు అతికించి దండలుగా వేసుకోవడం, లంబాడా ఆడవాళ్ళు దుస్తులకు కుట్టుకోవడం ఈ ప్రాంతంలో ఉన్న ఆచారం. కొక్కెం తీసేసినా మచ్చ పోదు. విడి నాణెంగా ధర పడిపోతుంది. దండ మాత్రం దండగానే విలువైనది, విప్పకూడదు.

నకిలీ పట్టడానికి అర గ్రాము తేడానైనా చూపే చిన్న తరాజు చాలావరకు చాలు. వెండి అయస్కాంతానికి అంటుకోదు. పోత పోసిన నకిలీకి అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి, ఉపరితలం మీద సన్నని గుంటలు, అంచున అతుకు గీత కనిపిస్తాయి.

అడిగే ధర, అమ్ముడైన ధర

ఆన్‌లైన్‌లో అడిగిన ధర ఎంతైనా ఉండొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. వేలంలో అదే ఏడాది, అదే స్థితిలోని నాణెం నిజంగా ఎంతకు పోయిందో అదే ఆధారం. ఎక్కువగా దొరికే ఏళ్ళ రూపాయలు అరిగి ఉంటే వెండి ధరకు కాస్త పైన నిలుస్తాయి. అరుదైన ఏళ్ళవీ, బంగారు అష్రఫీలూ వేరు. కొనేవారు రెండువైపులా, అంచుకూ, తరాజు మీదా తీసిన ఫొటోలు అడగాలి. అమ్మేవారు ముందుగా ఎవరికీ ఫీజు కట్టకూడదు. తన పేరు వాడుకుని పాత నాణేల మీద కమీషన్లు, పన్నులు అడిగేవారిని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంక్ 2021లోనే హెచ్చరించింది.

చట్టం కూడా తెలియాలి. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. భూమిలో దొరికిన నిధి గురించి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

అసలు నాణేలు చూసి కన్ను అలవాటు చేసుకోవాలంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ఉంది. 2022లో సైఫాబాద్ పాత టంకశాలలో తెరిచిన మ్యూజియం ఉంది. మీ ఇంట్లో హాలీ రూపాయి ఉంటే తోమకండి, కరిగించకండి. తూచండి, చదవండి, అది ఎవరి నుంచి వచ్చిందో చీటీ రాసి దానితో పాటు ఉంచండి. అమ్మాలో వద్దో ఆ తర్వాత తేల్చుకోండి.