మడిగెలో కంప్యూటర్ బల్ల

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకుముందు మహబూబ్‌నగర్‌కు పోయి తిరిగిన కాగితం పని ఊరికి దగ్గరైంది. ఆ పని జరిగేది ఎక్కడ? టైపింగు, జిరాక్స్, ఆన్‌లైన్ అని బోర్డు కట్టిన ఇరుకు మడిగెల్లో. నా బతుకూ అలాంటి మడిగెలోనే గడిచింది.

కొత్తగా సెంటర్ పెట్టుకునే పిల్లలు ముందుగా అడిగేది, మానిటర్ ఎంత పెద్దది కొనాలని. చిన్నదే కొనమంటాను. కంటికీ తెరకూ మధ్య 50 నుంచి 70 సెంటీమీటర్ల దూరం ఉండాలి. పెద్ద తెర పెడితే ఇంకా వెనక్కి జరగాలి. జరగడానికి వెనక గోడే ఉంటుంది.

నా ఓటు పాత 17 అంగుళాల చదరపు మానిటర్‌కే. సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. 18.5 అంగుళాల వెడల్పు తెరకు సాధారణంగా నిలువున 768 చుక్కలుంటే, దీనికి 1024 ఉంటాయి. ఎత్తు కూడా అక్కడ 23 సెంటీమీటర్లయితే ఇక్కడ 27. ఏ4 కాగితం ఎత్తు 29.7 కదా, దరఖాస్తు దాదాపు అసలు సైజులో కళ్ల ముందుంటుంది. వెడల్పు తెర సినిమాకు బాగుంటుంది. మన పని కాగితంతో.

టైపు చేసేటప్పుడు మాత్రం పేజీని 125 శాతానికైనా పెంచుకోవాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. అక్షరం చిన్నదైతే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కనబడదు. ఆ ఒక్క దీర్ఘంతో ఆధార్‌లో ఒక పేరు, పాసుబుక్కులో ఇంకో పేరు అవుతాయి. దాన్ని సరిచేయించుకోవడానికి ఆ మనిషి కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. పేజీ పెంచినందువల్ల నాలుగు పంక్తులు తక్కువ కనిపించినా నష్టం లేదు.

తెర పై అంచు కంటి ఎత్తుకు సమానంగానో, కాస్త కిందనో ఉండాలి. వెలుగు పక్క నుంచి రావాలి. తలుపుకు వీపు పెట్టి కూర్చుంటే, మన ఎండాకాలంలో రోడ్డు మీది వెలుగంతా తెరలోనే మెరుస్తుంది. చిన్న మానిటర్ కొనగా మిగిలిన డబ్బు కుర్చీకీ, యూపీఎస్‌కూ పెట్టండి. సామాను సర్దడం ఎట్లాగో తెలియాలంటే గద్వాలలో గుంట మగ్గం చూడండి: నేతగాడు కూర్చున్నచోటి నుంచి లేవకుండా నాడె, పలక అన్నీ చేతికందుతాయి. కీబోర్డు, స్కానర్, ముద్రవేసే స్టాంపు ప్యాడ్ అట్లా అందాలి.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది గోడకు బిగించే మానిటర్ స్టాండు గురించి. చాలా మానిటర్ల వెనక 75 లేదా 100 మిల్లీమీటర్ల చదరంలో నాలుగు మర రంధ్రాలుంటాయి. వాటికి తిరిగే స్టాండు బిగిస్తే బల్ల ఖాళీ అవుతుంది, తెర ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఎదురుగా నిలబడ్డ రైతుకు ఎప్పుడూ కనిపించేది మానిటర్ వీపే. లోపల తన పేరు ఎట్లా పడుతున్నదో ఆయనకు తెలియదు, రుసుము మాత్రం కడతాడు.

సబ్మిట్ నొక్కేముందు తెరను ఆయన వైపు తిప్పండి. చదువు రాకపోతే పేరు, తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు పైకి చదివి వినిపించండి. ఆయన సరే అన్నాకే నొక్కండి.