రాతి మీద తెల్ల గుర్రం

ఫ్రాన్స్ దక్షిణపు కొసన రోన్ నది సముద్రంలో కలిసే చోటును కమార్గ్ అంటారు. ఉప్పు మడుగులు, రెల్లు, బురద నేల, వాటి మధ్య గుంపులుగా మేసే తెల్ల గుర్రాలు. పుట్టినప్పుడు వాటి పిల్లలు ముదురు రంగులో ఉంటాయి, పెరిగేకొద్దీ తెల్లబడతాయి. ఈవ్ బ్రయేర్ (1907–1990) అనే చిత్రకారుడికి ఆ నేలంటే, ఆ గుర్రాలంటే పిచ్చి. వాటిని నూనె రంగుల్లో వేశాడు, నీటి రంగుల్లో వేశాడు, లిథోగ్రాఫులుగా, అంటే రాతి అచ్చులుగా కూడా వేశాడు. భద్రాచలం రేవులో నిలబడి గోదావరిని చూసినవాళ్లకు కమార్గ్ గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. మన నది పాపికొండలు దాటి, ధవళేశ్వరం దాటి, కోరంగి మడ అడవుల దగ్గర ఏం చేస్తుందో రోన్ అక్కడ అదే చేస్తుంది.

లిథోగ్రాఫులో తెల్ల గుర్రాన్ని దగ్గరికి తెచ్చుకుని చూడండి. ఆకాశానికి రంగుంది, మడుగుకుంది, గుర్రం మెడ కింద నీడకూ ఉంది. గుర్రం ఒంటికి మాత్రం లేదు. అది ఉత్త కాగితం. అక్కడ సిరా పడకుండా కాపాడింది ఒక చెట్టు బంక. గీసిన గీత గురించి అందరూ మాట్లాడతారు. ఈ విద్యలో సగం పని మాత్రం గీయని చోటును కాపాడుకోవడమే.

లిథోలో చెక్కుడు పని లేదు. చెక్క అచ్చులో కత్తితో తొలగిస్తారు, రాగిరేకు మీద ఆమ్లంతో గాడి పెడతారు. ఇక్కడ రాయి మొదటి నుంచి చివరిదాకా చదునుగానే ఉంటుంది. నీళ్లకు, జిడ్డుకు పడదన్న ఒక్క సంగతి మీదే మొత్తం వ్యవహారం నడుస్తుంది. దీన్ని కనిపెట్టిన అలోయిస్ సెనెఫెల్డర్ బవేరియాలో ఉండేవాడు, నాటకాలు రాసుకునేవాడు. వాటిని అచ్చు వేయించే స్తోమత లేక రకరకాల ప్రయోగాలు చేశాడు. 1796లో ఒకరోజు చేతికి కాగితం అందక, వాళ్లమ్మ చెప్పిన చాకలి పద్దును జిడ్డు సిరాతో రాతి మీద రాసుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. మరో రెండేళ్లకు పద్ధతి కుదిరింది.

రాయి అంటే ఏ రాయి పడితే అది కాదు. బవేరియాలోని జోల్న్‌హోఫెన్ గనుల సున్నపురాయికి సాటి లేదని అచ్చు పనివాళ్ల మాట. ముందు ఆ పలక మీద ఇసుకలాంటి పొడి, నీళ్లు పోసి గంటల తరబడి నూరుతారు. ముఖం సన్నటి గరుకుతో తయారయ్యాక కొవ్వు, మైనం, సబ్బు, దీపపు మసి కలిపి చేసిన కడ్డీతో చిత్రకారుడు బొమ్మ గీస్తాడు. అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమలు తారుమారు చేసి గీయాలి. చెయ్యి రాతికి ఆనకూడదు. వేలి జిడ్డు అంటితే అదీ అచ్చులో పడుతుంది.

తర్వాత అసలు ఘట్టం. బంక నీళ్లలో కొన్ని చుక్కల నత్రికామ్లం కలిపి రాయంతా పూసి ఆరనిస్తారు. గీసిన చోట కొవ్వు రాతిలోని సున్నంతో కలిసి నీళ్లకు లొంగని సబ్బుగా మారుతుంది. గీయని చోట బంక పలచటి పొరగా రాతిని అంటిపెట్టుకుంటుంది. ఇక ఎన్ని నీళ్లు పోసినా అది వదలదు. ఆ పైన టర్పెంటైన్ గుడ్డతో బొమ్మను తుడిచేస్తారు. గంటలకొద్దీ గీసిన గుర్రం ఒక్క తుడుపుతో మాయమవుతుంది. మొదటిసారి చూసేవాళ్ల గుండె గుభేలుమంటుంది. పనివాడు తొణకడు. తడి స్పాంజితో రాతిని తుడిచి, సిరా పట్టించిన తోలు రోలరు దొర్లిస్తాడు. రెండు మూడు దొర్లింపులకు జూలు, డెక్క, నీటి మీద నీడ ఒక్కొక్కటే పైకొస్తాయి. తడి ఉన్న చోట సిరా అంటదు.

ఈ బంకను ప్రపంచమంతటికీ ఎక్కువగా పంపేది సూడాన్. అక్కడి తుమ్మ జాతి చెట్టు నుంచి కారే గమ్ అరబిక్ అది. మనకు ఈ సరుకు కొత్తేం కాదు. తాటాకు మీద గంటం పోయి కాగితం మీద కలం వచ్చిన రోజుల్లో మసిలో తుమ్మబంక కలిపి సిరా చేసుకున్నవాళ్లమే. ఖమ్మం దాటి భద్రాచలం అడవుల్లోకి వెళ్తే మరో బంక దొరుకుతుంది, తపసి బంక. కోయలు తపసి చెట్టుకు గాటు పెట్టి, ఊరిన బంకను ఒలిచి, ఆరబెట్టి, గిరిజన సహకార సంస్థకు (జీసీసీ) అమ్ముతారు. బెరడు ముక్కలు లేకుండా ఎంత తెల్లగా ఉంటే అంత ధర. ఆత్రపడి గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు చచ్చిపోతుంది కాబట్టి చిన్న గాటు పెట్టడం ఎలాగో శిక్షణలు కూడా ఇచ్చారు. అయితే లిథో పనికి తపసి బంక పనికిరాదు. నీళ్లలో అది ఉబ్బి జావలా అవుతుందే గానీ తుమ్మబంకలా కరిగిపోదు. మందులకు వాడతారు, ఆ గిరాకీ వేరు.

మళ్లీ అచ్చు దగ్గరికి. రంగుకో రాయి కావాలి. ఆరు రంగుల బొమ్మకు ఆరు రాళ్లు, ప్రతి కాగితం ఆరుసార్లు ప్రెస్సు కిందకు వెళ్లాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా గుర్రం కన్ను చెంప మీదకు వస్తుంది. అనుకున్నన్ని ప్రతులు తీశాక వాటి కింద పెన్సిలుతో 12/100 అన్నట్టు వరస సంఖ్య వేసి, చిత్రకారుడు సంతకం చేస్తాడు. రాతిని మళ్లీ నూరేస్తారు. బొమ్మ పోతుంది, రాయి ఇంకో బొమ్మకు సిద్ధమవుతుంది.

ఫ్రెంచివాళ్ల చేతిలో ఈ రాయికి గుర్రం బాగా అచ్చొచ్చింది. జెరికో లండన్‌లో ఉండగా 1821లో వేసిన లిథోల్లో రాజుల గుర్రాలకన్నా బండ్లు లాగే గుర్రాలే ఎక్కువ. ఒకదాంట్లో థేమ్స్ ఒడ్డున అడెల్ఫీ రేవు చీకటి కమాను కిందకు బరువైన పిరుదులూపుకుంటూ వెళ్తుంటాయి, మనకు వాటి వెనకభాగమే కనిపిస్తుంది. దెలక్రువా 1828లో పులి పడగొట్టిన అడవి గుర్రాన్ని గీశాడు. కడ్డీని మెల్లగా రాస్తే రాతి గరుకు మీద బూడిద రంగు పొడిపొడిగా పరుచుకుంటుంది, అదిమితే కారునలుపు వస్తుంది. కండ మీద మెరిసే వెంట్రుకకు ఇంతకన్నా తగిన పనిముట్టు నాకు తెలియదు.

మన దగ్గర ఈ రాయి బొమ్మలకన్నా ముందు అక్షరాలు మోసింది. 1953లో జిల్లా అయ్యేదాకా ఖమ్మం వరంగల్ జిల్లాలో భాగం. వరంగల్ నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో అక్కడ ఉర్దూ పుస్తకాలు చాలావరకు లిథోలోనే వచ్చేవి. వాలుగా ఒకదాని మీదకొకటి ఒరిగే నస్తాలీఖ్ అక్షరాలకు సీసం దిమ్మలు పోత పోయడం కష్టం. కాతిబ్, అంటే రాతగాడు, ప్రత్యేకమైన కాగితం మీద జిడ్డు సిరాతో రాసిస్తే దాన్ని రాతి మీదకు దించేవారు. ఇక రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు రంగుల లిథోలతో లక్ష్మిని, సరస్వతిని ఇంటింటి గోడకు ఎక్కించింది. ఈ విద్యను చిత్రకళగానే సాధన చేసిన తెలుగువాడు దేవరాజ్ డాకోజి. 1944లో గోదావరి ఒడ్డునే, ధర్మపురిలో పుట్టాడు. హైదరాబాద్, బరోడా, లండన్‌లో చెల్సీ, అమెరికాలో లిథోకు పెట్టింది పేరైన టమరిండ్ సంస్థ, ఇవన్నీ తిరిగి నేర్చుకున్నాడు. ఢిల్లీ గఢీ స్టూడియోల్లో ఎందరికో ఈ పని చూపించి, న్యూయార్క్ చేరాడు. ఆయన పేరు మన చదువరులకు తెలియాల్సినంత తెలియలేదని నా ఫిర్యాదు.

రాయి ఇప్పుడు అరుదు. దాని మనవడు ఆఫ్‌సెట్ మాత్రం వీధివీధినా ఉన్నాడు. భద్రాచలానికి నది అవతల సారపాక మిల్లులో తయారయ్యే అట్ట ఏదో ఒక ఊరి ఆఫ్‌సెట్ ప్రెస్సుకు చేరి మందు డబ్బాగానో సబ్బు పెట్టెగానో మారుతుంది. అక్కడా నీళ్లకు, జిడ్డుకు మధ్య పాత తగువే. రాతి బదులు అల్యూమినియం ప్లేటు ఉంటుంది. పని అయ్యాక దాన్ని దాచిపెట్టే ముందు దానికీ గమ్ పూస్తారు.

ఫ్రెంచి లిథో అని చెప్పి ఎవరైనా వేలకు వేలు అడిగితే భూతద్దం తీయండి. రాతి మీద గీసినదైతే గరుకు అడ్డదిడ్డంగా, ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో కొట్టినదైతే నాలుగు రంగుల చుక్కలు సైనికుల్లా వరసకట్టి ఉంటాయి. సంతకాన్ని చూసి మోసపోవద్దు, పోస్టరు మీద కూడా పెన్సిలుతో సంతకం చేయొచ్చు. సంఖ్య వేయడమూ కష్టమేమీ కాదు. చుక్కలు వరసలో ఉంటే బేరం అక్కడితో ఆపేయండి. గోడకు అందంగానే ఉంటుందనిపిస్తే పోస్టరు ధరే ఇవ్వండి.