ఇల్లు కట్టే సిమెంటేనా సారూ?

కుంట దాటి సుక్మా వైపు వెళ్తుంటే 30వ నంబరు జాతీయ రహదారి మీద తగిలే ఊరు ఎర్రబోరు. పేపర్లు చదివేవాళ్ళకు ఆ పేరు వినగానే 2006 జూలైలో తగలబడిన శిబిరం గుర్తొస్తుంది. నాకు ఒక తుంటి గుర్తొస్తుంది.

“ఇల్లు కట్టే సిమెంటేనా సారూ?” అని ఆపరేషనుకు ముందురోజు అడిగాడతను. దొర్ల కుర్రాడు, ముప్పై నిండలేదు. సికిల్ సెల్ జబ్బు. ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. తొడ ఎముక గుండుకు రక్తం అందక అది లోపల్లోపలే చచ్చి కుంగిపోతుంది. తుంటి మార్పిడి అంటే మనవళ్ళను ఎత్తుకునే వయసులో జరిగేదని పట్నంలో అనుకుంటారు. బస్తర్‌లో, ఇటు మన్యంలో, పెళ్ళి కూడా కాని పిల్లలు కర్ర పట్టుకుని వస్తారు. డెబ్బై ఏళ్ళ మనిషికి పదిహేనేళ్ళు పనిచేసే కీలు చాలు. ఇరవై ఎనిమిదేళ్ళవాడికి అది చాలదు.

“కాదయ్యా, కట్టుడు పళ్ళకు గులాబీ రంగు చిగురు ఉంటుంది చూడు, ఆ జాతిది” అన్నాను.

“మా తాతకు పళ్ళన్నీ ఉన్నయి సారూ” అన్నాడు.

నేను చెప్పింది మాత్రం నిజం. ఇంగ్లండులో జాన్ చార్న్లీ 1958లో తుంటిలో కృత్రిమ కీలును నిలిపేందుకు వాడటం మొదలుపెట్టిన ఈ సిమెంటు దంతవైద్యుల దగ్గరి నుంచి వచ్చిన యాక్రిలిక్. ఇది జిగురు కాదు, దేన్నీ అంటించదు. రాతిగోడ సందుల్లో మేస్త్రీ కూరే సున్నంలా ఎముక గరుకుల్లోకి చొరబడి గట్టిపడుతుంది. ఆయన తుంటి గిన్నెకు మొదట టెఫ్లాన్ వాడాడు. రెండుమూడేళ్ళలో అది అరిగి, పొడి చుట్టూ కండను తినేసింది. సుమారు 300 మంది రోగుల విషయం అది. తర్వాత ఆ టెఫ్లాన్‌ను తన తొడలోనే పెట్టించుకుని అది ఒంటికి ఏం చేస్తుందో చూసుకున్నాడు. రోగికి పెట్టకముందే ఆ పని చేసి ఉండాల్సింది అని నేను ఎప్పుడూ అంటాను. కానీ తప్పును తన ఒంట్లో మోసి చూసినవాళ్ళు మా వృత్తిలో తక్కువ.

దారి చూపినవి లాంకషైర్ నేత మిల్లులు. మరమగ్గాల పళ్ళచక్రాలకు వాడే కొత్త ప్లాస్టిక్ ముక్కను ఒక సేల్స్‌మన్ తెచ్చి ఇచ్చాడు. చార్న్లీ పెదవి విరిచాడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు వర్క్‌షాప్ మనిషి హ్యారీ క్రేవెన్ దాన్ని అరగదీసే యంత్రంలో పెట్టాడు. టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత అది మూడు వారాలకు కూడా అరగలేదు. 1962 నవంబరు నుంచి ఆ పాలిథిలీన్ గిన్నె, 22 మిల్లీమీటర్ల స్టీలు గుండు, సిమెంటు జతకట్టాయి. తర్వాత వచ్చిన ప్రతి తుంటినీ ఇప్పటికీ దాంతోనే పోల్చి చూస్తారు.

ఇక మా పని సంగతి. 40 గ్రాముల పొడి, 20 మిల్లీలీటర్ల ఘాటు వాసన ద్రవం. కలిపిన క్షణం నుంచి గడియారమే పెద్ద డాక్టరు. మొదట పాయసంలా జారుతుంది, తర్వాత పిండిముద్ద అవుతుంది, గ్లౌజుకు అంటుకోవడం మానగానే దాని సమయం వచ్చినట్టు. అప్పటికి ఎముక గొట్టం నీటి జల్లుతో కడిగి, రక్తమూ కొవ్వూ లేకుండా ఆరబెట్టి, అడుగున బిరడా బిగించి ఉండాలి. గన్‌తో కింది నుంచి పైకి నింపుకుంటూ రావాలి, నొక్కి పట్టాలి. నొక్కేముందు మత్తు డాక్టరుకు చెప్పాలి, ఆ నిమిషంలో బీపీ పడిపోవచ్చు. గుండును మోసే కాడను ఎముక గొట్టంలోకి దించాక చెయ్యి కదలకూడదు. అరచేతికి వేడి తెలుస్తుంది, ఆపై రాయి. ఇదంతా పది పన్నెండు నిమిషాలు. నేను చదువుకునే రోజుల్లో మా గురువులు వేళ్ళతోనే కూరేవారు. ఆ తుంటుల్లో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి, చాలావరకు వదులైపోయాయి.

ఎర్రబోరు కుర్రాడి ఆపరేషను మే నెలలో. థియేటర్లో ఏసీ ఆగింది. ఎండ పెరిగితే సిమెంటు తొందరగా గట్టిపడుతుందని పుస్తకంలో చదివిన విషయమే. ద్రవం సీసాను ముందే చల్లబెట్టాల్సింది, నాకు తోచలేదు. కాడ చివరి సెంటీమీటరు దగ్గర మొరాయించింది. సుత్తితో ఎంత కొట్టినా దిగలేదు. ఆ కాలు ఆ మేరకు పొడవైంది. రెండో చెప్పు కింద చిన్న రబ్బరు అట్ట వేయించుకున్నాడు. నా మతిమరుపు ఇప్పటికీ అతని చెప్పులో ఉంది.

కాడ నునుపు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా వాళ్ళ తెలివికి అది పెద్ద మొట్టికాయ. 1970లో ఎక్సెటర్ ఊళ్ళో రాబిన్ లింగ్ అనే సర్జన్, క్లైవ్ లీ అనే ఇంజనీరు అద్దంలా మెరిసే కాడ తయారు చేశారు. 1976లో దాని మెరుపు తీసేసి గరుకు చేశారు. గరుకైతే సిమెంటును గట్టిగా పట్టుకుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగింది వేరు. వదులయ్యేవి పెరిగాయి. 1986లో మళ్ళీ మెరుపుకే వచ్చారు. నునుపు కాడ ఏడాది రెండేళ్ళలో ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి, దిగిన కొద్దీ బిగుస్తుంది, నేలకేసి కొట్టిన గొడ్డలికి కామ బిగిసినట్టు. గరుకుది దిగలేక అక్కడక్కడే కదిలి సిమెంటును నూరుతుంది. ఈ ముక్క ఎర్రబోరులో ఏ కట్టెలు కొట్టేవాణ్ణి అడిగినా చెప్పేవాడు.

మరి ఎన్నాళ్ళు? అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1969–71 మధ్య చేసిన 2,000 చార్న్లీ తుంటులను వెంటాడి చూశారు. 25 ఏళ్ళకు నూటికి సుమారు 81 మార్చకుండా ఉన్నాయి. 2019లో లాన్సెట్‌లో వచ్చిన లెక్క దేశాల రిజిస్టర్లది, అన్ని రకాల తుంటులనూ కలిపినది. 25 ఏళ్ళకు నూటికి 58. ఒకటి ఆరితేరిన చేతుల లెక్క, ఇంకోటి లోకం లెక్క. సికిల్ సెల్ ఎముకలో సిమెంటు నిలవదని చాలాకాలం అన్నారు. పారిస్ పక్కన ఎర్నిగూ బృందం 312 సిమెంటు తుంటులను సగటున 13 ఏళ్ళు చూసి, జాగ్రత్తగా చేస్తే నిలుస్తుందని చూపింది. వదులైన గిన్నెలు నూటికి 8, కాడలు 5.

అయితే ఈ లెక్కల్లో ఒక మెలిక ఉంది. మళ్ళీ ఆపరేషన్ చేస్తే ఆ కీలు చచ్చినట్టు, చేయకపోతే బతికినట్టు. స్వీడన్‌లో 1979 నుంచీ తుంటి మార్పిడులకు పద్దు రాస్తున్నారు, అక్కడ వదులైతే మార్చే దిక్కుంది. ఇక్కడ కీలు వదులై, మార్పించుకునే స్తోమత లేక, కుంటుతూ మంచం పట్టినవాడి తుంటి కూడా లెక్క ప్రకారం బతికే ఉంటుంది. మన దగ్గర సర్జన్లు ఇష్టముంటే రాసే రిజిస్టరు ఉంది. ఇష్టం లేనివాళ్ళ రోగులు ఏ లెక్కలోనూ లేరు.

పద్నాలుగేళ్ళ తర్వాత, నిరుడు ఎండల్లో, ఎర్రబోరు మీదుగా వెళ్తూ అతన్ని కలిశాను. ఇప్పపూల కాలం. గొంతుక్కూర్చోవద్దని నేను అప్పట్లో చెప్పిన మాట నిలబెట్టుకోవడానికి చిన్న పీట ఒకటి చేసుకున్నాడు. చెట్టు కింద పీట జరుపుకుంటూ ఏరుతున్నాడు. “నొప్పుందా?” అంటే “లేదు సారూ, నడుస్తనే ఉన్న గదా” అన్నాడు. భద్రాచలం రప్పించి ఎక్స్‌రే తీయించాను. కాడ చెక్కుచెదరలేదు. గిన్నె చుట్టూ, సిమెంటుకూ ఎముకకూ మధ్య, సన్నటి నల్లగీత. అంటే గిన్నె వదులవడం మొదలైందన్నమాట. నొప్పి ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. అప్పటికి ఎముక చాలా కరిగిపోయి ఉంటుంది, రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా పదింతలు కష్టమవుతుంది.

ఏ సైజు గిన్నె, ఏ కంపెనీ కాడ అని పాత కాగితం అడిగితే, వానల్లో ఇల్లు కారి తడిసిపోయిందన్నాడు. నా దగ్గరా లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా తుంటి మార్చి ఉంటే డిశ్చార్జి కాగితం మీద అంటించిన చిన్న స్టిక్కర్లు వెతకండి. కంపెనీ, సైజు, నంబరు అన్నీ వాటి మీదే ఉంటాయి. ఫోనులో ఒక ఫొటో, ఇంకొకరి ఫోనులో ఇంకో ఫొటో ఉంచండి. పదేళ్ళు దాటితే నొప్పి లేకపోయినా ఒక ఎక్స్‌రే తీయించండి.