అంపైర్ లేని ఆటకు హద్దులు గీసేవాళ్లు

క్రికెట్‌లో బంతి బ్యాటుకు తగిలిందో లేదో తేల్చడానికి అంపైర్ ఉంటాడు. ఆయన మాట మీద అనుమానమొస్తే రీప్లే ఉంటుంది. అమెచ్యూర్ గోల్ఫ్‌లో చాలావరకు ఈ రెండూ ఉండవు. 18 హోల్స్ ఉన్న కోర్సు సాధారణంగా నూరెకరాలు దాటుతుంది. చెట్ల చాటున ఎవరి బంతి కదిలిందో చూసే నాథుడుండడు. తప్పు జరిగితే ఆడినవాడే చెప్పాలి. 1925 యూఎస్ ఓపెన్‌లో అమెచ్యూర్ ఆటగాడు బాబీ జోన్స్ తన బంతి కదిలిందని తానే చెప్పి పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు.

అయితే తప్పు ఒప్పుకోవాలన్నా హద్దు ఎక్కడుందో ముందు తెలియాలి. అమెరికాలో ఆ హద్దులు గీసే పనిలో చాలాచోట్ల ఇంటర్న్‌ల చెయ్యి ఉంటుంది. 1894లో పుట్టిన అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ, పి.జె. బోట్‌రైట్ జూనియర్ పేరిట 1991లో ఒక ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టింది. ఆ సంస్థకు ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా పనిచేసిన బోట్‌రైట్ గోల్ఫ్ నియమాల్లో దిట్ట. యూఎస్‌జీఏ డబ్బు సాయం చేస్తుంది, పనిలోకి తీసుకునేది మాత్రం రాష్ట్ర, ప్రాంతీయ గోల్ఫ్ సంఘాలే.

పని పోటీకి ముందే మొదలవుతుంది. పెయింటు డబ్బా తలకిందులుగా పట్టుకుని గడ్డి మీద గీతలు వేయాలి, కర్రలు పాతాలి. తెల్ల కర్రలు దాటితే ఔటాఫ్ బౌండ్స్, అంటే కోర్సు బయట. పసుపు, ఎరుపు కర్రలున్నవి పెనాల్టీ ఏరియాలు, అంటే నీటి గుంటల్లాంటి చోట్లు. ఎరుపు దగ్గర పక్కకు జరిగి బంతి వేసుకునే వీలు అదనంగా ఉంటుంది. గీతలోనూ మెలిక ఉంది. బంతిలో ఏ కాస్త భాగం గీతకు తగిలినా పెనాల్టీ ఏరియాలో ఉన్నట్టే. ఔటాఫ్ బౌండ్స్ కావాలంటే బంతి మొత్తం హద్దు అవతల ఉండాలి. అందుకే గీత వంకరపోతే, మధ్యలో తెగితే, ఆ చోట ఎంత నిజాయితీపరుడైనా తన బంతి ఎక్కడుందో తేల్చలేడు.

తర్వాత గ్రీన్‌లు, అంటే హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి. హోల్ వెడల్పు ఎక్కడైనా 4.25 అంగుళాలే, కానీ ఆ రోజు అది ఎక్కడుండాలో నిర్వాహకులు నిర్ణయిస్తారు. గ్రీన్ అంచుకు కనీసం నాలుగు అంగల దూరం, చుట్టూ రెండు మూడు అడుగుల మేర వీలైనంత సమతలం ఉండేలా చూస్తారు. అన్నీ ఎడమకో, అన్నీ వెనక్కో పెడితే ఒక రకం ఆటగాడికే లాభం. కాబట్టి 18 హోల్స్‌నూ కలిపి తూకం చూస్తారు. ఇంటర్న్ అంగలతో కొలిచి ఆ దూరాలను కాగితం మీదికి ఎక్కిస్తాడు.

ఆట మొదలయ్యే మొదటి టీ దగ్గర స్టార్టర్ పని గడియారంతో. పేరు సరిచూసి, స్కోర్‌కార్డు, స్థానిక నియమాల కాగితం ఇచ్చి, సరిగ్గా చెప్పిన నిమిషానికే పంపాలి. ఐదు నిమిషాల లోపు ఆలస్యమైతే మామూలుగా రెండు స్ట్రోకుల పెనాల్టీ, అది దాటితే అనర్హత. మెరుపులొస్తే సైరన్ మోగాలి. ఒకే పొడుగాటి కూత వినిపిస్తే ఎక్కడివాళ్లక్కడ ఆట ఆపాల్సిందే. రెండు పొట్టి కూతలంటే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

అన్నిటికన్నా ఓపిక కావలసింది స్కోరింగ్ బల్ల దగ్గర. అక్కడ మొత్తం కాదు, ఒక్కో హోల్ అంకె చదివి వినిపించాలి. ఎందుకంటే కూడిక తప్పితే నిర్వాహక కమిటీ సరిచేస్తుంది, హోల్ అంకెకు పూచీ ఆటగాడిదే. 1968 మాస్టర్స్‌లో రాబర్టో డి విసెంజో 17వ హోల్‌ను మూడు స్ట్రోకుల్లో ముగించాడు. అతని స్కోరు రాసే మార్కర్ కార్డులో నాలుగు వేశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు. ఆ ఎక్కువ అంకే ఖాయమైంది, ప్లేఆఫ్ అవకాశం పోయింది. అందుకే ఇంటర్న్ తనంతట తాను అంకె దిద్దడు. ‘ఇంకోసారి చూసుకోండి సార్, రెండు సంతకాలూ ఉన్నాయా?’ అని అడుగుతాడు, అంతే.

ఈ శ్రద్ధ ఏ ఫలితమిస్తుందో మనకు దగ్గరివాడైన సాహిత్ తీగల ఉదంతం చెబుతుంది. కాలిఫోర్నియాలో పెరిగిన ఈ తెలుగింటి ఆటగాడు 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో, బంకర్‌లో క్లబ్ వెనక్కి తీస్తున్నప్పుడు ఇసుక తగిలిందనుకున్నాడు. తానే ఆ సంగతి చెప్పి రెండు స్ట్రోకులు పోగొట్టుకున్నాడు. ప్రొఫెషనల్ పోటీలో కోట్ల రూపాయల బహుమతి మధ్య నిలబడిన ఆ అలవాటుకు మూలం ఏళ్ల తరబడి ఆడిన చిన్నా పెద్దా అమెచ్యూర్ టోర్నమెంట్లలో ఉండవచ్చు.

నిజాయితీని మనిషి గుణంగానే చూస్తాం. దానికి ఏర్పాట్లూ కావాలని ఈ పని నేర్పుతుంది. నియమం తెలియాలి, గీత కనిపించాలి, అడగడానికి మనిషి అందుబాటులో ఉండాలి. ఇవి అమర్చిన చోట నిజం చెప్పడం తేలికవుతుంది. గోల్ఫ్ బాగా ఆడటం రాకపోయినా ఈ ఇంటర్న్‌షిప్‌లో చేరవచ్చు. నియమాల పుస్తకం చదివే ఓపిక, తెల్లవారకముందే లేచే అలవాటు ఉంటే చాలు.