భావం ఎవరి భుజాల మీద నడుస్తుంది? - ‘కన్యాశుల్కం’ పై ఒక పరిశీలన

భావాల చరిత్ర చదివేటప్పుడు సాధారణంగా మనం రెండు ప్రశ్నలు వేసుకుంటాం: ఈ భావాన్ని ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? దాన్ని ఆచరణలో పెట్టే భారం ఎవరు మోశారు అనే మూడో ప్రశ్న కూడా అవసరం. వితంతు వివాహాన్ని ఉదాహరణగా తీసుకుని దీన్ని పరిశీలిద్దాం.

వితంతు పునర్వివాహాన్ని అనుమతిస్తూ 1856లోనే చట్టం వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది మాత్రం 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు గడిచాయి. చట్టం అనుమతి ఇవ్వగలదు కాని పెళ్లికి డబ్బునూ, వంటవాళ్లనూ సమకూర్చలేదు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. వెలి భయంతో వంటవాళ్లు రాకపోతే వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మి స్వయంగా వంట చేశారు, నీళ్లు మోశారు. వీరేశలింగం ఉపన్యాసాలకు ఇచ్చిన చోటు ఆమె మోసిన బిందెకూ ఇవ్వాలి.

ఈ నేపథ్యంలో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ చదవండి. 1892లో తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకం 1897లో అచ్చయింది. బాగా పెంచి రాసిన రెండో కూర్పు 1909లో వెలువడింది. ఇందులో వితంతు వివాహం గురించి గొప్పగా మాట్లాడేవాడు గిరీశం. అతని వాదాలు చాలావరకు సంస్కర్తలవే. వాటితోనే బుచ్చమ్మను తనవైపు తిప్పుకుంటాడు. దీన్నిబట్టి గురజాడ సంస్కరణను ఎగతాళి చేశాడనుకోవడం తొందరపాటు. గిరీశం నోట వచ్చినంత మాత్రాన ఆ భావం తప్పయిపోదు. బుచ్చమ్మ వైధవ్యం అబద్ధమూ కాదు. నాటకం ఎగతాళి చేసేది భావాన్ని కాదు, తాను ఏమీ పోగొట్టుకోకుండా దాన్ని వాడుకునే మనిషిని.

సౌజన్యారావు పంతులు ఇందుకు భిన్నం. ఆయన నమ్మినదాన్ని ఆచరించే మనిషి. అయితే వేశ్యల నీడ కూడా పడకూడదనే ఆయన, లుబ్ధావధాన్లును ఖూనీ కేసు నుంచి తప్పించడానికి మధురవాణి సాయమే తీసుకోవలసి వస్తుంది. మంచి భావం కూడా ఎదుటి మనిషిని చూడనప్పుడు కఠినమవుతుందని గురజాడ ఇక్కడ చూపించాడు.

అయినా ఒక లోటు మిగిలింది. చివరకు బుచ్చమ్మను వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయించేది సౌజన్యారావే. ఆ నిర్ణయంపై ఆమె మాట మనకు వినిపించదు. ఇది నాటకం లోపమా, ఆనాటి సంస్కరణోద్యమ లోపమా? రెండూ అని ఈ రచయిత అభిప్రాయం. ఎవరి కోసం భావం పుట్టిందో వారి మాట వినని చరిత్ర సగం చరిత్రే.

ఆలోచించండి: మీ ఊళ్లో లేదా మీ కుటుంబంలో ఆడపిల్లల చదువు ఎవరి మాటతో మొదలైంది? దానికోసం ఇంటా బయటా కష్టపడింది ఎవరు? పెద్దలను అడిగి పది వాక్యాలలో రాయండి.