పశువు నాడి తెలిసిన చేతులు

తమిళనాడులోని ధర్మపురి జిల్లా పాపిరెడ్డిపట్టి చుట్టుపక్కల, షెవరాయ్ కొండల కింది పల్లెల్లో, వాన మొహం చాటేసిన ఏడు ఇల్లు గడిపేది పాడి. రెండావులున్న ఇంట్లో ఒకటి పడి లేవలేదంటే ఆ నెల సొసైటీ బిల్లు సగమైపోతుంది. అప్పుడు అందరం పరుగెత్తేది పశువుల ఆసుపత్రికే. డాక్టరుగారి పేరు ఊరంతటికీ తెలుసు. ఆయన పక్కన తాడు పట్టే, సూది వేసే, టీకా పెట్టె మోసే సహాయకుల పేర్లు అడిగేవాళ్లు తక్కువ. ఇక్కడ వాళ్లను పశువుల ఇన్‌స్పెక్టరు అనో, అసిస్టెంటు అనో పిలుస్తాం. ఆంధ్ర, తెలంగాణల్లో ఈ పనిలో చాలాభాగం గోపాలమిత్రలు, పశుసంవర్ధక సహాయకులు చేస్తున్నారు. పిలుపు ఏదైనా వాళ్ల పనితనాన్ని దగ్గరగా చూసినవాళ్లు ఊరికే మెచ్చుకొని వదిలేయలేరు.

ఎదసూదినే, అంటే కృత్రిమ గర్భధారణనే తీసుకోండి. బయటివాళ్లకు అది రెండు నిమిషాల పని. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున వేయాలన్నది పాత సూత్రం. అందుకే మంచి సహాయకుడు ఆవును బోనులోకి ఎక్కించకముందే అడుగుతాడు: "ఎప్పుడు అరిచిందమ్మా? తీగ తేటగా ఉందా?" జవాబు తిన్నగా లేకపోతే మళ్లీ అడుగుతాడు. వేళ తప్పితే మరో 21 రోజులు ఎదురుచూడాలి, అన్నాళ్లూ ఆ ఇంటివాళ్లు మేత దండగ పెట్టాలి.

వీర్యం ఉండేది పావు మిల్లీలీటరు పట్టే సన్నటి స్ట్రాలో, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో. క్యాన్ మూత తీశాక స్ట్రాలున్న గరిటెను మెడ దాటి పైకి రానివ్వకుండా, లోపలే పట్టకారుతో స్ట్రాను అందుకోవాలి. చెయ్యి తడబడి గరిటె బయట నిలిచిందా, మిగతా స్ట్రాలు కూడా దెబ్బతింటాయి. తీసిన స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి, చుక్క తడి లేకుండా తుడిచి, కొస సూటిగా కత్తిరించి గన్నులో ఎక్కించాలి. ఆ తర్వాత కళ్లకు పని లేదు. ఎడమ చెయ్యి లోపల గర్భాశయ ముఖద్వారాన్ని వెతికి పట్టుకుంటుంది. అది కోడిమెడలా గట్టిగా తగులుతుంది. దాని లోపలి మడతలను ఒక్కొక్కటే దాటించి, గర్భసంచి మొదట్లో వీర్యాన్ని మెల్లగా వదలాలి. గన్నును ముందుకు పొడవరు. ఎడమ చేత్తో ముఖద్వారాన్నే గన్ను మీదికి తెస్తారు. పనితనమంతా అక్కడే ఉంది. ఆవు కదిలితే చెయ్యీ దానితోపాటే కదులుతుంది గాని ఎదురు తిరగదు.

పాలజ్వరం మరో పరీక్ష. ఎక్కువ పాలిచ్చే ఆవు ఈనిన ఒకటి రెండు రోజుల్లో చతికిలబడి, మెడ డొక్కవైపు తిప్పుకొని పడుకుంటుంది. చెవులు చల్లబడతాయి. రక్తంలో కాల్షియం పడిపోవడమే కారణం. జబ్బు తేల్చేది డాక్టరు. కాల్షియం సీసాను గోరువెచ్చగా చేసి, మెడనరం వేలితో నొక్కి ఉబ్బించి, సూది నిలిచాక సీసా పట్టుకొనేది సహాయకుడు. సీసా ఎత్తితే ధార జోరవుతుంది, దించితే తగ్గుతుంది. జోరైతే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకని డాక్టరు స్టెతస్కోపుతో గుండె వింటూ ఉంటే, ఆయన కనుసైగకు సీసా నాలుగు వేళ్లు కిందికి దిగుతుంది. కొంతసేపటికి కండలు వణుకుతాయి, ముట్టె మీద చెమ్మ మెరుస్తుంది, త్రేనుపు వస్తుంది, పేడ వేస్తుంది. తర్వాత ఆవు లేచి నిలబడుతుంది. ఇంటావిడ డాక్టరుకు దండం పెడుతుంది. ఆ దండంలో సగం సీసా పట్టిన చేతికి చెందాలి.

అసలు ఊరికి చేసే పెద్ద సేవ టీకా. గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల అదుపుకు 2019లో జాతీయ కార్యక్రమం మొదలైంది. కాగితం మీది ఆ పథకం దొడ్లోకి వచ్చేది వీళ్ల కాళ్ల మీదే. మందలు మేతకు పోకముందే బయల్దేరాలి. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పకూడదు కాబట్టి ఐసుపెట్టె మూత ఊరికే తెరవరు. పొగరు కోడెనూ, చూడావునూ ఒకే తీరున పట్టరు. ఇలాంటి నడకల ఫలమే ముసర వ్యాధి అంతరించడం. 1995 తర్వాత మన దేశంలో ఆ రోగం కనబడలేదు. 2011లో ప్రపంచమంతటా అది పోయిందని ప్రకటించారు. మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రోగాల్లో మశూచి తర్వాత రెండోది అదే.

ఈ పనివాళ్లలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది హద్దు తెలిసి ఆగడం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం సహాయకులు పశువైద్యుల పర్యవేక్షణలో చిన్న సేవలే చేయాలి. దూడ అడ్డం తిరిగిందని చేతికి తెలియగానే "ఇది నా పని కాదు, డాక్టరుగారు రావాలి" అని చెప్పగలిగినవాడే నిజమైన పనిమంతుడు. ఆ మాట ఆలస్యమైతే తల్లీ పిల్లా రెండూ పోతాయి.

పాడి రైతులకు నా మనవి ఇంతే. ఎద ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకొని చెప్పండి. టీకాకు వచ్చే రోజు పశువును కట్టేసి ఉంచండి, చేతులు కడుక్కోవడానికి బకెట్ నీళ్లు, సబ్బు పెట్టండి. అత్యవసరమైతే 1962కు ఫోన్ చేయండి. పని అయ్యాక డాక్టరుతోపాటు ఆ సహాయకుడినీ పేరు పెట్టి పిలిచి, ఒక మంచిమాట చెప్పండి.